పాటలో పిల్లి ఉందా?

ఇంగ్లీషు పాటల్లో పిల్లి పేరుకి కొదవలేదు. పిల్లికే కొరత. ఆల్ స్టూవర్ట్ 'ఇయర్ ఆఫ్ ద క్యాట్' (1976) నాకు ప్రాణం. పియానోతో మొదలై, గిటార్ల మీదుగా సాగి, శాక్సోఫోన్ దాకా వెళ్ళే ఆ వాయిద్య భాగం ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. కానీ అందులో పిల్లి లేదు. చైనా పన్నెండేళ్ళ చక్రంలో కుందేలు ఉన్న చోట వియత్నాం వాళ్ళకి పిల్లి ఉంటుంది, ఆ సంవత్సరం పేరే పాటకి పెట్టాడు. హ్యారీ చేపిన్ 'క్యాట్స్ ఇన్ ద క్రేడిల్' (1974) కన్నకొడుకుతో గడిపే తీరిక లేని తండ్రి గోడు. 'నాష్‌విల్ క్యాట్స్' (1966) గిటార్ వాయించే మనుషుల గురించి. తోటి వాద్యకారుణ్ణి 'క్యాట్' అనడం జాజ్ వాళ్ళకి అంతకుముందే అలవాటు. 'స్ట్రే క్యాట్ స్ట్రట్'లో సందుల వెంట తిరిగే గండుపిల్లి కూడా, జుట్టు పైకి దువ్వుకుని ఛాతీ విరుచుకు నడిచే కుర్రాడే. గోడ మీది పిల్లి అన్నప్పుడు మన మనసులోనూ ఉండేది మనిషేగా.

ఇలాంటి పాట విన్నప్పుడల్లా ఒక ప్రశ్న వేసుకోవడం నాకు అలవాటైంది. పిల్లిని తీసేసి అక్కడ మనిషిని నిలబెడితే పాట చెక్కుచెదరకుండా ఉంటుందా? ఉంటే అది పిల్లి పాట కాదు. అలాగని చెడ్డ పాటా కాదు. టి.ఎస్. ఎలియట్ 1939లో పిల్లుల మీద రాసిన పద్యాల పుస్తకం నుంచి ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ 'క్యాట్స్' నాటకం చేశాడు. 1981లో లండన్‌లో తెర లేచింది. అందులో లోకమంతా పాడుకున్న పాట 'మెమరీ'. దానికి ఆధారం ఆ పిల్లుల పుస్తకం కాదు, ఎలియట్‌దే మరో కవిత. అందం తరిగిపోయిన ఏ నటి అయినా ఒక్క మాట మార్చకుండా పాడుకోవచ్చు. నాటకంతో పనిలేకుండా ఎందరో గాయనులు పాడారు కూడా. ఎలైన్ పేజ్ గొంతులో అది వింటే కళ్ళు చెమరుస్తాయి, పిల్లి మాత్రం కనపడదు.

పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ (1967) లోని 'లూసిఫర్ శామ్' కొంత దగ్గరికి వస్తుంది. ఆ బ్యాండ్ పాటగాడు సిడ్ బారెట్ తను పెంచుకున్న సయామీ పిల్లి మీద రాసిన పాట. గూఢచారి సినిమాలా నక్కి నక్కి నడిచే గిటార్, పక్కన ఉండీ అంతుపట్టని ఆ జంతువు. పిల్లి నడక వినిపిస్తుంది. పిల్లితో కాపురం ఎలా ఉంటుందో ఆ పాట చెప్పదు.

అది చెప్పింది ఫ్రెడ్డీ మెర్క్యురీ. జాంజిబార్‌లో పుట్టి, మన పంచ్‌గని బోర్డింగ్ స్కూల్లో చదువుకున్న పార్శీ పిల్లవాడు ఫరోఖ్ బుల్సారా, తర్వాత క్వీన్ బ్యాండ్ గాయకుడై స్టేడియంలు నింపాడు. కచేరీల కోసం ఊళ్ళు తిరుగుతూ హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేసి పిల్లులతో మాట్లాడేవాడని ఆయన సహాయకుడు చెప్పాడు. ఇంట్లో ఉన్నవాళ్ళు పిల్లిని ఎత్తి రిసీవర్ దగ్గర పట్టుకోవాలి. 1985లో వచ్చిన సొంత ఆల్బమ్‌ని జెర్రీ అనే పిల్లికి అంకితం ఇచ్చాడు. అన్నిటికన్నా గారాల పిల్లి డెలైలా. తెలుపూ నలుపూ గోధుమరంగూ కలిసిన ఆడపిల్లి. 1991 మొదట్లో వచ్చిన 'ఇన్యుయెండో' ఆల్బమ్‌లో దాని పేరుతోనే పాట ఉంది.

క్వీన్ అభిమానుల్లోనే ఆ పాటంటే చిన్నచూపు ఉంది. బ్యాండ్ డ్రమ్మర్ రోజర్ టేలర్ తనకది నచ్చలేదని దాచకుండా చెప్పాడు. నేను ఒప్పుకోను. ఆ ఆల్బమ్ చేస్తున్నప్పుడు ఫ్రెడ్డీకి తన జబ్బు సంగతి తెలుసు. అది విడుదలైన ఏడాదే నవంబర్ 24న పోయాడు. చుట్టూ ఉన్న పాటల్లో మృత్యువు నీడ ఉంది. మధ్యలో ఈ పాట, ఖరీదైన చిప్పెండేల్ కుర్చీల మీద పిల్లి ఉచ్చ పోసిందని ముద్దుగా ఫిర్యాదు చేస్తుంది. ఏడుపు వచ్చే వేళ నవ్వించేదీ అదేనంటుంది. పిల్లిని తీసేసి మనిషిని పెట్టి చూడండి, ఆ కుర్చీల దగ్గరే పాట కుప్పకూలుతుంది. చావు దగ్గరపడిన మనిషి ఇంట్లో ఆ సంగతి పట్టని ప్రాణి అది. మిగతావాళ్ళంతా ఆయన ముఖం చూసి గొంతు తగ్గించి మాట్లాడుతుంటే, అది మాత్రం ఎప్పట్లాగే కుర్చీలు పాడు చేస్తూ ఉంది. ఆయనకి కావలసింది అదేనని నా నమ్మకం.

అందులో బ్రయన్ మే గిటార్ మ్యావ్ అంటుంది. టాక్‌బాక్స్ అనే పరికరం పని అది. గిటార్ ధ్వనిని ఒక ప్లాస్టిక్ గొట్టం గుండా వాయించేవాడి నోట్లోకి పంపుతారు. స్వరం గిటార్ తీగది, ఉచ్చారణ నోటిది. ఎదుట ఉన్న మైకు ఆ కలిసిన ధ్వనిని అందుకుంటుంది. పిల్లి కూత పెదవులు మూసి మొదలై, నోరు బాగా తెరుచుకుని, మళ్ళీ సున్నా చుట్టుకుంటుంది. ఒట్టి గిటార్‌కి నోరు లేదు, ఆ మలుపు దాని చేత కాదు. లెరాయ్ ఆండర్సన్ 1950లో 'ద వాల్ట్‌జింగ్ క్యాట్' కోసం వయొలిన్ల మీద వేళ్ళు జార్పించి పిల్లి కూత తెప్పించాడు. చక్కగా ఉంటుంది కానీ అది మర్యాదగల పిల్లి. మే చేతిలోది ఆకలేసిన పిల్లి. ఆ చోటు వచ్చినప్పుడు మా ఇంటి పిల్లి పడుకున్నదల్లా స్పీకర్ వైపు చెవులు తిప్పుతుంది.

ఇంకో దారి ఉంది, ఇంతకన్నా కష్టమైనది. పిల్లి చేతే మాట్లాడించడం. కార్టూన్లలో మాట్లాడే పిల్లులు మనుషుల్లాగే మాట్లాడతాయి. కెనడాలోని విన్నిపెగ్ నగరంలో జాన్ కె. శామ్సన్ అనే పాటగాడు పిల్లికి నోరు ఇచ్చి కూడా దాన్ని పిల్లిగానే ఉంచాడు. దాని పేరు విర్టూటే. ఆ ఊరి చిహ్నం మీది లాటిన్ నినాదంలోంచి తీసుకున్న మాట, బలం అని అర్థం. శామ్సన్ బ్యాండ్ 'ద వీకర్‌థాన్స్' 2003 ఆల్బమ్‌లో అది తొలిసారి మాట్లాడుతుంది. యజమాని దిగులుతో మంచం పట్టాడు, తాగుతున్నాడు. దిగులంటే ఏమిటో పిల్లికి తెలియదు. దానికి తెలిసినవి వేరు. తనతో ఆడడం మానేశాడు, అదే దారం ముక్కతో విసుగొచ్చింది, తనలాగే పగలంతా నిద్రపోతున్నాడు, సరిగా తినడం లేదు. ఒంటరిగా ఎవరితోనో మాట్లాడుతున్నాడని గదులన్నీ గాలించింది, మధ్యాహ్నపు నీడల్లో కదిలే దుమ్ము తప్ప ఎవరూ కనపడలేదు. చివరికి గట్టిగా కరుస్తానని బెదిరిస్తుంది. కుంగిపోయిన మనిషి గురించి నేను విన్న పాటల్లో ఇంత సూటిగా చూసింది మరొకటి లేదు. రోగం పేరు తెలియని కళ్ళకి రోజువారీ మార్పులే కనపడతాయి, పాటకి ఆ మార్పులే చాలు.

2007లో రెండో పాట. పిల్లి ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎందుకంటే వాన, తడి మట్టి, వెనక సందు పిలుపు. ఇంతకుమించి కారణం చెప్పదు. విన్నిపెగ్ చలి మైనస్ 30 డిగ్రీలకి దిగుతుంది. ఆ చలికి చెవుల కొసలు పోయాయి. ఆ ఊళ్ళో వీధి పిల్లులకి నిజంగా జరిగేదే ఇది. పావురాలుండే చోట, మనుషులు వదిలేసిన యంత్రాల మధ్య తలదాచుకుంది. పేరు అనే ఊహ దానికి లేదు, ఆ మనిషి తన కోసం చేసే ఒక చప్పుడు మాత్రమే గుర్తు. పాట అయ్యేసరికి ఆ చప్పుడూ గుర్తు లేదు. పేరు మరిచిపోయినందుకు అది ఏడవదు. ఇక్కడ రచయిత ఒక్క కన్నీటి మాట తగిలించినా పిల్లి పోయి మనిషి వచ్చేవాడు. తగిలించలేదు.

బ్యాండ్ విడిపోయాక, 2016లో శామ్సన్ తన సొంత ఆల్బమ్‌లో మూడోది పాడాడు. చాలా చిన్న పాట. ఆ మనిషి చికిత్స తీసుకుని తాగుడు మానేశాడు. పిల్లి ఇప్పుడు అతని తలలో ఒక జ్ఞాపకం. మాట్లాడేది అదే, అతన్ని క్షమించేదీ అదే. నా ప్రశ్న ఇక్కడే మరీ ఇరుకున పడుతుంది, ఎందుకంటే ఆ మాటలన్నీ ఇప్పుడు మనిషివే, అతను తనకు తాను చెప్పుకుంటున్నవే. శామ్సన్ ఆ సంగతి దాచడు. అయినా పిల్లిని తీయలేం. తనే తనను క్షమించుకోవడానికి అతనికి నోరు రాదు, విర్టూటే గొంతులో అయితే వినగలడు.

మూడు పాటలూ మూడు వేరు వేరు ఆల్బమ్‌లలో ఉన్నాయి. వెతుక్కుని వరుసగా వినండి. మొదటి పాటలో పిల్లికి విసుగు పుట్టించిన ఆ దారం ముక్క మూడో పాటలో మళ్ళీ వస్తుంది. ఈసారి పిల్లి దాన్ని వదలదు, అతని మెదడులో కూర్చుని పంజాతో తడుతూ ఆడుకుంటూ ఉంటుంది.