మొక్కల గోత్రం, డార్విన్ మేనరికం

మిద్దె తోట పెంచే పాఠకురాలొకరు ఈ వారం నిష్ఠూరంగా ఉత్తరం రాశారు. నర్సరీలో రెండు ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ మొక్కలు కొన్నారట. పువ్వు విచ్చే రాత్రి టార్చిలైటు, బ్రష్షు పట్టుకుని మిద్దెక్కి, ఒకదాని పుప్పొడి రెండోదానికి అద్దినా పిందె నిలవలేదట. నర్సరీవాడు మోసం చేశాడని ఆవిడ తీర్పు. మోసం కాదమ్మా. ఎర్ర గుజ్జు రకాల్లో చాలావాటికి తమ పుప్పొడి తమకే గిట్టదు. ఒకే తల్లి కొమ్మలు కోసి నాటితే వచ్చేది రెండు కుండీల్లో ఉన్న ఒకే మొక్క. వేరే రకం కొమ్మ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

అదే రోజు వాట్సాప్‌లో ఇంకోటి వచ్చింది: 'మొక్కలకూ గోత్రాలున్నాయి, మన ఋషులకు ముందే తెలుసు!' ఇలాంటివంటే నాకెంత చిరాకో ఈ శీర్షిక చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. చెరిపేయబోయి ఆగాను. ఋషుల సంగతి అటుంచితే, పోలిక మరీ తీసిపారేయదగ్గదేం కాదు.

ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబాన్నే తీసుకోండి. వాటి జన్యురాశిలో ఎస్-లోకస్ అని ఒక చోటుంది. అక్కడ రెండు జన్యువులు ఎంత పక్కపక్కన ఉంటాయంటే, తరం నుంచి తరానికి జంటగానే దిగుతాయి. ఒకటి కీలాగ్రం మీద కాపలా కాసే ఎస్‌ఆర్‌కె ప్రొటీన్‌ని చేస్తుంది. రెండోది పుప్పొడి పైపూతలో చేరే ఎస్‌సీఆర్ అనే బుల్లి ప్రొటీన్‌ని. రెండూ ఒకే ముద్రవైతే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అంతే, కీలాగ్రం కణంలో హెచ్చరిక మోగుతుంది, పరాగరేణువుకి నీరందదు, అది మొలకెత్తదు. పెళ్లిచూపులకొచ్చిన సగోత్రీకుణ్ణి మంచినీళ్లైనా ఇవ్వకుండా పంపేసినట్టు.

పెట్యూనియాలూ అడవి టమాటాలూ ఇంత మొహం మీద చెప్పవు. లోపలికి రానిస్తాయి. పరాగనాళం కీలంలోకి దిగుతూ ఉండగా, ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్ దాన్ని సగం దారిలో ఆపేస్తుంది. పరాయి పుప్పొడి మాత్రం ఆ ఎంజైమ్‌కి విరుగుడు తనతోనే తెచ్చుకుంటుంది.

ఇంత పకడ్బందీలోనూ ఒక కంత ఉంది. తల్లికి 1, 2 ముద్రలు, తండ్రికి 3, 4 ముద్రలు ఉన్నాయనుకోండి. వాటి గింజల్లో ఒకదానికి 1, 3 రావచ్చు, ఇంకోదానికి 2, 4 రావచ్చు. ఒక్క ముద్రా కలవలేదు కాబట్టి ఈ తోబుట్టువులకి ఏ అడ్డూ లేదు! చూసేది గోత్రమే, రక్తం కాదు. గోత్రం కలవకూడదంటూనే మేనమామ కూతుర్ని చేసుకునే మనకి ఇది వింతేం కాదు.

మేనరికమంటే డార్విన్ గుర్తొచ్చాడు. 1839లో ఆయన పెళ్లాడిన ఎమ్మా వెడ్జ్‌వుడ్ అచ్చంగా మేనమామ కూతురే. పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. దగ్గర సంబంధం వల్లేనా అన్న బెంగ ఆయన్ని వదల్లేదు. 1871 జనాభా లెక్కల్లో ఇలాంటి పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న చేర్చాలని మిత్రుడు జాన్ లబక్ చేత పార్లమెంటులో అడిగించాడు. సభ కాదంది. మొక్కల్నైతే ఎవరి అనుమతీ లేకుండా అడగొచ్చు. అప్పటికే మొదలుపెట్టి, మొత్తం పదకొండేళ్లు అదే పని చేశాడు. ఒకే కుండీలో ఒక పక్క సొంత పుప్పొడి గింజ, ఇంకో పక్క పరాయి పుప్పొడి గింజ వేసి, ఎదుగుదల కొలిచి, 1876లో పుస్తకం వేశాడు. చాలా జాతుల్లో సొంత పుప్పొడి సంతానమే పొట్టి, పీల. కానీ మార్నింగ్ గ్లోరీ తీగల్లో ఆరో తరం సొంత పుప్పొడి మొక్క ఒకటి పక్కనున్న పోటీదారుని దాటి ఎదిగింది. తన సిద్ధాంతానికి అడ్డొచ్చిన ఆ మొక్కని దాచకుండా పుస్తకంలోకెక్కించి, దానికి 'హీరో' అని పేరు కూడా పెట్టాడు. ఆ పెద్దాయన అంటే నాకు గౌరవం ఇలాంటివాటికే.

మొక్కల కట్టుబాటుని మెచ్చుకుంటూ ఈ వారం ముగిద్దామనే కూర్చున్నాను. ఆ హీరో పడనివ్వలేదు. వంటింట్లోకి తొంగి చూడండి. ఆవకాయలో పడే ఆవ రెండు జాతుల కలయికతో పుట్టింది. ఆ రెండూ సాధారణంగా సొంత పుప్పొడిని తిప్పికొట్టేవే, మన ఆవ మాత్రం స్వీకరిస్తుంది. అరకు కొండల్లో పండే అరబికా కాఫీదీ ఇదే కథ. టమాటా అడవి చుట్టాలు చాలామంది పట్టింపు మనుషులే, మన తోటలోది కాదు. వరి, శనగ, వేరుశనగ తమ పూతలో తామే కాయకట్టే రకం. ఒంటరి మొక్క కూడా గింజ కట్టడం, ఆ గింజ తల్లి రకాన్నే ఇవ్వడం రైతుకి కావలసినవి. విత్తనం దాచుకోండని నేను ఏళ్లుగా పోరుతున్నది సాగుతోందంటే, కట్టుబాటు తప్పిన ఇలాంటి మొక్కల చలవే.

కాబట్టి టమాటా గింజ ఒక్క మంచి మొక్క నుంచి తీసినా సరిపోతుంది. ముల్లంగికి మాత్రం పట్టింపు ఇంకా పోలేదు. విత్తనానికని బాగా ఊరిన దుంప ఒక్కటే వదిలితే పూత వస్తుంది గానీ, కాయలు దాదాపు రావు. వీలైనన్ని మొక్కల్ని ఒకేసారి పూతకు వదలండి.