కత్తి ఎవరి చేతిలో ఉంది?

సీమ అంటే వేటకొడవలి, నాటుబాంబు. ఈ బొమ్మను తెలుగు సినిమా ఏళ్ల తరబడి అమ్ముకుంది. 'సమరసింహారెడ్డి' (1999), 'ఇంద్ర' (2002) హీరోల పేర్లలోనే రెడ్డి ఉంటుంది. వాళ్ళు నరికితే అది పగ కాదు, పౌరుషం! వాళ్ళ వెనకాల పరిగెత్తి చచ్చేవాళ్ళకు పేర్లుండవు. కర్నూలు, కడప పల్లెల్లో ఆ పేరు లేనోళ్లు ఏ గేరి మనుషులో మనకు తెలుసు.

ఈ సీమ సినిమాలోకి 2021లో 'నారప్ప' వచ్చాడు. వెట్రిమారన్ తీసిన తమిళ 'అసురన్' (2019)కు ఇది శ్రీకాంత్ అడ్డాల రీమేక్. మూలం పూమణి నవల 'వెక్కై'. కథను అనంతపురానికి తెచ్చారు. అన్నను చంపించిన భూస్వామిని తమ్ముడు నరుకుతాడు. వాణ్ణి కాపాడుకోను తండ్రి అడవులు పట్టి తిరుగుతాడు. ఇక్కడ పగకు మూలం పౌరుషం కాదు, మూడెకరాల భూమి. ఫ్యాక్షన్ సినిమా దాచిపెట్టింది సరిగ్గా ఈ సంగతినే.

అయితే తెలుగువాళ్ళు సన్నివేశాలను తెచ్చుకున్నారు, చరిత్రను తెచ్చుకోలేదు. తమిళ ప్రేక్షకుడికి గుడిసెలు తగలబడుతుంటే 1968 డిసెంబర్ 25 నాటి కీళ్వెణ్మణి, అక్కడ చనిపోయిన 44 మంది గుర్తొస్తారు. పంచమి భూమి అంటే 1892 నాటి హామీ గుర్తొస్తుంది. మరి మనకు? పంచమి భూమికి మన దగ్గర పేరు డీకేటీ పట్టా. అసైన్డ్ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. అయినా అవి ఎవరి కంచెల్లోకి పోయాయో ఊర్లో అందరికీ ఎరుకే. 1998లో కర్నూలు జిల్లా వెంపెంటలో దళితులను ఊచకోత కోశారు. నారప్పలో మంట లేచినా వెంపెంట కనబడదు.

సినిమాను ఆదరించిన తీరూ చూడాలి. ధనుష్‌కు వెంకటేశ్ సరితూగాడా లేదా అన్నదే సమీక్షకుల గొడవ. భూమి గొడవ ఎవరికి పట్టింది? పైగా 2021 జులై 20న అది నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలయింది. 2022 డిసెంబర్ 13న హీరో పుట్టినరోజని ఒక్కరోజు థియేటర్లలో వేశారు. రెడ్డిగారి కొడవలికి ఈలలేసిన సీమ నేలక్లాసు, నారప్ప కొడవలికి ఏం చేసుండేదో తేలనే లేదు.

చివర్లో తండ్రి చెప్పే నీతి ఒకటుంది: భూమి లాక్కుంటారు, చదువును లాక్కోలేరని. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను, ఆ మాట విలువ నాకు తెలుసు. కానీ చదువు పేరు చెప్పి భూమి మాట మరిపిస్తే లాభం భూస్వామికే. మనకు చదువూ కావాలి, ఆ మూడెకరాలూ కావాలి.