రెండు గంటలకోసారి

మంచం పట్టిన రోగికి ఇంటి దగ్గర సేవ చేసే నర్సింగ్ సహాయకురాలికి మందులు నిర్ణయించే అధికారం గానీ, మోతాదు మార్చే అధికారం గానీ ఉండవు. ఒళ్లు తుడవడం, పక్కబట్టలు మార్చడం, ముక్కుగొట్టం గుండా ఆహారం పోయడం, మూత్రపు సంచి ఖాళీ చేయడం ఆమె పనులు. వీటన్నిటిలోనూ ఎక్కువ నేర్పు కోరేది, ఇంటివారి కంటికి అతి తక్కువగా ఆనేది, రోగిని ఒక పక్కనుంచి మరో పక్కకు తిప్పడం.

ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట సన్నని రక్తనాళాలు మూసుకుపోయి, రక్తం అందక చర్మమూ దాని కింది కండా చచ్చిపోవడం వల్ల ఏర్పడే గాయాన్ని పడకపుండు అంటారు. నడుము కింది భాగం, తుంటి, మడమలు దీనికి ముందుగా లోనవుతాయి. అందుకే శిక్షణ పొందిన సహాయకురాలు రోగి బరువంతా తుంటి ఎముక మీద పడకుండా, వీపు వెనుక దిండు పెట్టి సుమారు 30 డిగ్రీలు మాత్రమే ఒరిగిస్తుంది; పిక్కల కింద మరో దిండు పెట్టి మడమలను పరుపుకు తగలనివ్వదు. రోగి కిందికి జారినప్పుడు చంకల్లో చేతులు వేసి లాగితే పైచర్మం పరుపును అంటుకుని ఉండిపోయి లోపలి ఎముక మాత్రం కదులుతుంది గనుక, నడుము కింద పరిచిన మడత దుప్పటిని ఇద్దరు చెరోవైపు పట్టి ఎత్తి జరపడమే సరైన పద్ధతి. వేలితో నొక్కినా పోని ఎరుపు పుండుకు తొలి గుర్తు అని పుస్తకాలు చెబుతాయి గానీ, చామనచాయ, నలుపు మేనిపై ఆ ఎరుపు సరిగా కనబడదు. అక్కడ చుట్టుపక్కల చర్మంతో పోల్చి వేడినీ గట్టిదనాన్నీ చేతితోనే పసిగట్టాలి. అటువంటి చోట ప్రేమకొద్దీ పౌడరు రాసి రుద్దే బంధువుల వల్లా, మెడికల్ షాపులో కొని తెచ్చే గాలి రింగు వల్లా మేలుకంటే కీడే ఎక్కువ.

రెండు గంటలకోసారి తిప్పాలన్న నియమం ఇంట్లో పుట్టినది కాదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల కోసం ఏర్పడిన విభాగంలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు దీన్ని రాత్రింబవళ్లు పట్టుదలగా అమలు చేయించాడు. అక్కడ వంతులవారీగా పనిచేసే సిబ్బంది ఉండేవారు. హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో ఏజెన్సీల ద్వారా 24 గంటల డ్యూటీకి వచ్చే సహాయకురాలు ఒక్కతే. రాత్రి 10, 12, 2, 4 గంటలకు లేచి, పగలంతా వంచిన నడుము ఎత్తకుండా పనిచేయడం ఏ మనిషికైనా కొద్దిరోజులకు మించి సాధ్యం కాదు గనుక, నియమాన్ని అక్షరాలా కోరే కుటుంబం నిజానికి ఇద్దరి పనిని ఒకరి జీతానికి అడుగుతున్నట్టే. పుండు పడితే మాట పడేది మాత్రం ఆమే.

అమెరికా, కెనడాల్లోని వృద్ధుల నర్సింగ్ హోముల్లో జరిగి 2013లో వెలువడిన ఒక అధ్యయనం, మంచి ఫోమ్ పరుపుల మీద రెండు, మూడు, నాలుగు గంటల విరామాల మధ్య పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. ఇది ఊరటే, అయితే బూరుగు దూది పరుపుకూ, నవ్వారు మంచానికీ ఆ ఫలితం వర్తిస్తుందనుకోవడం తొందరపాటు. తన లోపలి గదుల్లోకి గాలి వంతులవారీగా నింపుతూ ఒత్తిడి ఒకేచోట నిలవకుండా చూసే ఎయిర్ బెడ్ కూడా తిప్పే పనిని తేలిక చేస్తుందే తప్ప తీసివేయదు. ఏ పరుపు మీద, ఎంత విరామంతో తిప్పాలో రోగిని చూసిన వైద్యుడినో నర్సునో అడిగి, వేళనూ పక్కనూ గుర్తుపెట్టే కాగితాన్ని మంచం దగ్గర తగిలించడం అవసరం; షుగర్ లెక్కలు జాగ్రత్తగా రాసే ఇళ్లలోనూ ఈ కాగితం అరుదు. ఆ కాగితంలో రాత్రి రెండు గంటల వంతుకు ఎదురుగా ఇంటివారిలో ఎవరి పేరు ఉంటుందన్నది సహాయకురాలిని కుదుర్చుకునే ముందే, జీతం మాట్లాడే రోజునే తేలాలి.