చాట ముందు వంగిన మెడ

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఊళ్లో దిగినా వాకిళ్లలో బీడీలు చేస్తున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఒళ్లో చాట, అందులో కత్తిరించిన ఆకు, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీల లెక్క కాబట్టి వేళ్లు ఆగవు. కాసేపు పక్కన కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు "మెడలు గుంజుతున్నయి బిడ్డా" అంటారు. వాళ్లకు దొరికే వైద్యం మెడికల్ షాపు గోళీ, రాత్రి పూట ఇంత జండూబామ్, దాంతోపాటు "సక్కగ కూసో" అనే సలహా.

ఆ సలహా మీద నాకు నమ్మకం లేదు. అనగానే ఏం చేస్తాం? ఛాతీ ముందుకు తోసి, భుజాలు వెనక్కి లాగి, గడ్డం పైకెత్తుతాం. ఒక బిగువు మీద ఇంకో బిగువు. రెండు నిమిషాల్లో అలసిపోయి మళ్లీ ఎప్పటిలాగే వంగిపోతాం.

ఈ బిగువు సంగతిని చాలా ముందే గమనించినవాడు ఒకాయన ఉన్నాడు. 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్ వేదికల మీద నాటక భాగాలు వినిపించే కళాకారుడు. తరచూ గొంతు పోయేది, వైద్యంతో నయం కాలేదు. అద్దాల ముందు నిలబడి తనను తాను గమనించుకున్నాడు. మాట మొదలుపెట్టబోతుంటేనే తల వెనక్కీ కిందికీ నొక్కుకుపోతోంది. సరిచేసుకున్నానని నమ్మినప్పుడు కూడా అద్దంలో పాత అలవాటే కనిపించింది. మన ఒళ్లు ఎలా ఉందో మనకు తోచేదాన్ని నమ్మలేమని ఆయన అక్కడ గ్రహించాడు. అందుకే ఆయన పద్ధతిలో మొదటి పని ఆగడం. కదలబోయే ముందు ఒక్క క్షణం ఆగి, మెడ బిగువు వదిలి, తలను పైకి పోనివ్వడం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 579 మందిని పరిశీలించారు. ఏడాది తర్వాత, మామూలు వైద్యం పొందినవారికి నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, ఆ పద్ధతిలో 24 పాఠాలు నేర్చుకున్నవారికి 3 రోజులే ఉంది.

నేను రోజూ చేసేది ఆ పద్ధతిలోదే, చాలా చిన్న పని. చాప మీద వెల్లకిలా పడుకుని, తల కింద రెండు పుస్తకాలు పెట్టి, మోకాళ్లు పైకి మడిచి, పాదాలు నేలకు ఆనించి, కళ్లు తెరిచే పావుగంట ఉండటం. ఏమీ చేయకుండా ఉండటమే అందులో కష్టం. కాసేపటికి వీపు దానంతట అదే నేల మీద పరుచుకుంటుంది.

ఈ విద్య మనకు పూర్తిగా కొత్త కాదు. పోచారం కాలువ కింద నాట్లు వేసే పెద్దమ్మలను గమనించండి. చేయి తిరిగినవాళ్లు తుంటి దగ్గర వంగుతారు, వీపు చాపినట్టు పొడవుగా ఉంటుంది. అదే మనిషి ఇంటికొచ్చి చాట ముందు కూర్చుంటే వీపు గూని అవుతుంది, అయిదు కిలోల తల మెడ మీద వేలాడుతుంది. కారణం చాట మరీ కిందికి ఉండటమే. చూపు వేళ్ల వెంట పోతుంది, చూపు వెంట తల పోతుంది. మడిచిన దుప్పటి మీద కూర్చుంటే తుంటి కాస్త లేస్తుంది. చాటను చిన్న పీట మీద పెడితే పని కళ్లకు దగ్గరవుతుంది. ఒక్కో కట్ట కట్టాక తల ఎత్తి దూరంగా చూస్తే మెడకు ఊపిరి తిరుగుతుంది. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఇవి సరిపోవు, డాక్టరుకు చూపించాలి. కూలి లెక్క మారనంతకాలం ఈ బాధ పూర్తిగా పోదన్నదీ నిజమే. అయినా నొప్పి సగం తగ్గినా అది ఆ మనిషికి రాత్రి నిద్ర.

2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినోత్సవం జరుపుతున్నాం. మైదానంలో చాపలు పరిచి ఆసనాలు వేయించే అధికారులకు నా విన్నపం: అక్కడి శిక్షకులను బీడీలు చేసే వాకిళ్లకు కూడా పంపండి. చాట పక్కన పెట్టించి కాదు, ముందు పెట్టుకుని బీడీలు చేస్తుండగానే వాళ్లకు నేర్పించండి.