అరబ్బీ గొంతులో జపాను బొమ్మలు: టైటిల్ పాటల మీద బెంగ

నోస్టాల్జియా అనే మాటను పుట్టించినది వైద్యశాస్త్రం. ఇంటికి తిరిగి చేరడం అనే అర్థమున్న ఒక గ్రీకు మాటకు, నొప్పి అనే అర్థమున్న ఇంకొక గ్రీకు మాటను జోడించి, 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసం కోసం దీన్ని తయారుచేశాడు. పరాయి దేశాల్లో ఉన్న స్విస్ యువకులకు నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, నీరసించిపోవడం ఆ జబ్బు లక్షణాలని రాశాడు. తెలుగువారికి ఇందులో వింతేమీ లేదు. అమ్మమ్మ మీద బెంగ పెట్టుకున్న పిల్ల జ్వరం తెచ్చుకోవడం ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. బెంగ అనే మాటలో మనసూ ఒళ్ళూ విడివిడిగా ఉండవు.

ఈ జబ్బుకూ పాటకూ ఉన్న సంబంధం కూడా పాతదే. ఆల్ప్స్ కొండల్లో పశువులకాపరులు పాడుకునే బాణీ చెవిన పడితే స్విస్ సిపాయిలు ఏడ్చేవారనీ, కొలువు వదిలి పారిపోయేవారనీ, అందుకని దళాల్లో ఆ బాణీని నిషేధించారనీ రూసో తన సంగీత నిఘంటువులో (1768) రాశాడు. ఆయన మరొక మాట కూడా అన్నాడు. ఆ బాణీ సంగీతంగా గొప్పదేమీ కాదు. వినేవాడికి తన పల్లెనీ పడుచుదనాన్నీ గుర్తుచేసే ఒక చిహ్నంగా మాత్రమే పనిచేస్తుంది. అది తెలియని వాడి మీద దాని ప్రభావం శూన్యం.

ఎమిరేట్స్‌లో 1980, 1990, 2000 దశకాల్లో పెరిగినవారు తమ చిన్ననాటి జపాను కార్టూన్ల గురించి మాట్లాడుకునేటప్పుడు రూసో ప్రశ్న మళ్ళీ లేస్తుంది. వారిని కదిలించేది చాలావరకు టైటిల్ పాట. కథ సగం మరిచిపోయినవారు కూడా పాట మొత్తం అప్పజెప్పగలరు. ఆ పాట నిజంగా మంచిదా, లేక పోయిన బాల్యానికి ఒక గుర్తు మాత్రమేనా? ఇంకా ముఖ్యమైన విషయం ఒకటుంది. జపాను కార్టూన్ల మీద బెంగ అని చెప్పుకునే దానిలో ఆ పాట జపానుది కాదు.

మొదటి ఉదాహరణ గ్రెండైజర్. గో నాగాయ్ కల్పనను తోయ్ యానిమేషన్ సంస్థ 74 భాగాల ధారావాహికగా తీసింది. 1975 అక్టోబరు నుంచి 1977 ఫిబ్రవరి దాకా జపానులో ప్రసారమైంది. జపాను టైటిల్ పాటకు బాణీ షున్సుకే కికుచిది, గొంతు ఇసావో ససాకిది. ఆ ధారావాహిక 1970 దశకం చివర లెబనాన్‌లో అరబ్బీలోకి మారింది. కథానాయకుడికి జిహాద్ అల్ అత్రష్ గొంతు ఇచ్చాడు. టైటిల్ పాటను సామీ క్లార్క్ పాడాడు. 2022లో ఆయన చనిపోయినప్పుడు అరబ్బు పత్రికలు ఆయన్ను ముందుగా గుర్తుచేసుకున్నది ఈ పాటతోనే.

లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలైనది కూడా 1975లోనే. గ్రెండైజర్ కథలో నాయకుడు ఫ్లీడ్ అనే గ్రహపు రాకుమారుడు. శత్రువులు ఆ గ్రహాన్ని నాశనం చేస్తే, భూమి మీదికి పారిపోయి వచ్చి, ఒక పశువులశాలలో పనివాడిగా పేరు మార్చుకొని బతుకుతాడు. జపాను పిల్లలకు ఇది మరమనుషుల యుద్ధం. ఇల్లు పోగొట్టుకున్న మనుషులు చుట్టూ ఉన్న బీరుటులో, ఆ తరవాత పాలస్తీనా, లెబనాన్ కుటుంబాలు పొట్టకూటికి చేరిన గల్ఫు నగరాల్లో, అదే కథ శరణార్థి కథ అయింది. సామీ క్లార్క్ గొంతులో ఉన్నది పిల్లల పాట పాడేవాడి ముద్దుతనం కాదు, ఊరేగింపు ముందు నడిచేవాడి గాంభీర్యం. ఆ ఎంపిక వల్ల పాట బలపడింది. ఇక్కడ రూసో తీర్పు పూర్తిగా సరిపోదు.

ఇక భాష. మొరాకో నుంచి ఒమాన్ దాకా వాడుక అరబ్బీ ఒక్కటి కాదు. ఒక కొసన మాట్లాడింది ఇంకొక కొసన అర్థం కావడం కష్టం. అందుకని ఈ కార్టూన్లను ఎక్కువగా ఫుస్‌హాలో, అంటే బడిలో నేర్పే ప్రామాణిక అరబ్బీలో, మాట్లాడించారు. గల్ఫు దేశాలన్నీ కలిసి కువైట్‌లో నెలకొల్పుకున్న ఉమ్మడి కార్యక్రమాల నిర్మాణ సంస్థ కూడా ఆ దారినే నడిచింది. హయావో మియజాకి 1978లో తీసిన ‘మిరై షోనెన్ కోనన్’ 26 భాగాలూ ‘అద్నాన్ వ లీనా’గా గల్ఫు పిల్లలను చేరినది ఆ సంస్థ ద్వారానే. గ్రాంథికానికీ వాడుకకూ మధ్య జరిగిన పోరు తెలిసిన తెలుగు పాఠకుడికి దీని విశేషం వెంటనే తడుతుంది. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషను, విభక్తి ప్రత్యయాలతో సహా, ఆరేళ్ళ పిల్లవాడు ఒక మరమనిషి నోట విని వంటబట్టించుకున్నాడు. పాఠ్యపుస్తకం భయపెట్టిన చోట కార్టూన్ చేరదీసింది.

ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరినది డమాస్కస్‌లో. అక్కడి ‘మర్కజ్ అల్ జుహ్రా’, అంటే వీనస్ సెంటర్, డబ్బింగ్ చేసిన ధారావాహికలను 2000లో మొదలైన స్పేస్‌టూన్ చానల్ అరబ్బు ఇళ్ళన్నిటికీ అందించింది. తనను తాను భావితరం యువత చానల్‌గా చెప్పుకున్న ఆ చానల్ టైటిల్ పాటల్లో అనేకం తారిక్ అల్ అరబీ తుర్గాన్ రాసి, బాణీ కట్టినవి. పాడినవారిలో ముఖ్యురాలు రషా రిజ్క్. డమాస్కస్ ఉన్నత సంగీత విద్యాలయంలో శిక్షణ పొందిన గాయని ఆమె. తరవాత నదీన్ లబకీ సినిమా ‘కారమెల్’ (2007)లోనూ ఆమె పాట ఉంది.

డబ్బింగ్‌లో సంభాషణ రాసేవాడి చేతులు కట్టేసి ఉంటాయి. తెర మీద పెదవి ఎప్పుడు తెరుచుకుంటే అప్పుడే మాట రావాలి, ఎప్పుడు మూసుకుంటే అప్పుడే ముగియాలి. టైటిల్ పాటకు ఆ కట్టుబాటు లేదు. బొమ్మలు పరుగెడుతుంటాయి, ఎవరి పెదవులూ కదలవు. డబ్బింగ్ మొత్తంలో రచయితకు పూర్తి స్వేచ్ఛ ఉన్న నిమిషంన్నర అది. డమాస్కస్ బృందం ఆ నిమిషంన్నరను వృథా చేయలేదు. చాలా సందర్భాల్లో జపాను బాణీని అసలు ముట్టుకోకుండా కొత్త పాటే కట్టింది. తల్లి లేని ఇంట్లో పసితమ్ముణ్ణి సాకే పిల్లవాడి కథ ‘అకాచాన్ తొ బొకు’. జపానులో 1996లో మొదలైన 35 భాగాల హాస్యకరుణ ధారావాహిక. అరబ్బీలో దాని పేరు ‘అనా వ అఖీ’, అంటే నేనూ నా తమ్ముడూ. కథలో నవ్వుల కింద దాగి ఉన్న దుఃఖాన్ని అరబ్బీ పాట పైకి తీసి, పిల్లల ముందు దాచకుండా పెట్టింది. మిలాన్‌లో పొగగొట్టాలు తుడిచే బాలకార్మికుల కథ ‘రోమియో నో ఆఒయ్ సోరా’ (1995). రోమియో నీలాకాశం అనే అర్థమున్న ఆ పేరు అరబ్బీలో ‘అహ్ద్ అల్ అస్దికా’, అంటే మిత్రుల ఒడంబడిక, అయింది. పేరు మారడంతోనే కథకు కేంద్రం మారింది. ఆకాశం పోయి ఇచ్చిన మాట వచ్చింది. పాట ఆ మాట చుట్టూ అల్లుకుంది. ఇది అనువాదం కాదు, ఒక పఠనం. విమర్శకుడు చేసే పనికి దగ్గరి పని.

మెచ్చుకోవడంతో ఆగితే అన్యాయం. ఈ డబ్బింగ్ ఉదారమైనదేమీ కాదు. ప్రేమకథలను కత్తిరించింది, మద్యం కనబడితే పళ్ళరసం అంది, నచ్చని దృశ్యాలను ఎత్తేసింది. యోఇచి తకహాషి 1981లో మొదలుపెట్టిన మాంగా ‘కెప్టెన్ త్సుబాసా’ నాయకుడు మాజిద్ అయిపోయాడు. అద్నాన్ లాగే అతనూ అరబ్బు పిల్లవాడని నమ్మి పెరిగిన పిల్లలెందరో. బెంగ పడేవారు ఈ కోతలను ముద్దుగా క్షమిస్తారు. కాని ఒక దేశపు పేర్లను చెరిపేసి దాని కథను ఇష్టపడమనడం సగం ఇష్టమే. పాటల్లోనూ నీతిబోధ పాలు ఎక్కువే. ధైర్యం, స్నేహం, రేపటి మీద ఆశ అనే మూడు మాటల చుట్టూ తిరిగే పాటలు చాలా ఉన్నాయి. గొంతు గొప్పతనం కొన్నింటిని నిలబెట్టింది, కొన్నింటిని నిలబెట్టలేకపోయింది.

అయితే ఆ రేపటి ఆశకు చరిత్ర ఒక చేదు అర్థాన్ని జతచేసింది. 2011 తరవాత సిరియా ఛిన్నాభిన్నమైంది. ఆ పాటలు విని పెరిగిన పిల్లలు దేశాలు పట్టిపోయారు. డమాస్కస్‌లో కెప్టెన్ మాజిద్ చూస్తూ పెరిగిన ఒబాదా కసూమా చదువుకోసం టోక్యో వెళ్ళి, ఆ మాంగానే జపనీసు నుంచి అరబ్బీలోకి అనువదించాడు. ఆ పుస్తకాలు సిరియా శరణార్థుల పిల్లలకు కూడా చేరాయి. దుబాయి మాల్‌లో పెద్ద దుకాణమున్న జపాను పుస్తక విక్రయ సంస్థ కినోకునియాకు కూడా ఆ ప్రచురణలో భాగముంది. బెంగకు విలువ కట్టాలంటే ఇలాంటి చోట కట్టాలి. గతాన్ని తలుచుకొని ఊరుకోకుండా, దాన్ని తరవాతి పిల్లవాడి చేతిలో పెట్టినప్పుడు బెంగ పనికివచ్చే వస్తువవుతుంది. స్థానికమైన సృష్టి కూడా వచ్చింది. నలుగురు ఎమిరాతీ ముసలమ్మలతో మొహమ్మద్ సయీద్ హారిబ్ 2006లో దుబాయి నుంచి తెచ్చిన ‘ఫ్రీజ్’ ఫుస్‌హాను పక్కనబెట్టి, ఇంటి మాండలికంలో మాట్లాడింది.

ఇదే కాలంలో దుబాయి, షార్జా, అబూ ధాబీ ఫ్లాట్లలో తెలుగు పిల్లలూ పెరిగారు. ప్రైవేటు బడుల్లో అరబ్బేతర పిల్లలు కూడా 9వ తరగతి దాకా అరబ్బీ చదవడం తప్పనిసరి గనక, టీవీలో మోగే అరబ్బీ వారికి మరీ కొత్త కాదు. అర్థం సగమే తెలిసినా రాగం పూర్తిగా పట్టుబడింది. సెలవులకు ఊరికి వచ్చినవారికీ, ఊళ్ళోనే ఉన్న వారి ఈడు పిల్లలకూ మరొక పాట ఉంది. నిప్పాన్ యానిమేషన్ 1989లో తీసిన ‘జంగిల్ బుక్’ 1993లో దూరదర్శన్‌కు వచ్చినప్పుడు గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన హిందీ పాట అది. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా దాన్ని కంఠస్థం చేశారు. అంటే ఒక తరం తెలుగువారి ఆనిమే బెంగకు గొంతునిచ్చినవి ఒకవైపు ఫుస్‌హా, మరొకవైపు హిందీ. ఆ బెంగలో తెలుగు వినబడదు.

తెలుగుకు శక్తి లేక కాదు. డబ్బింగ్ పాట తెలుగులో చిన్నవాళ్ళ చేతిపని కాదు. శ్రీశ్రీ సినిమా పాటల ప్రస్థానం మొదలైనదే హిందీ నుంచి డబ్బింగ్ అయిన ‘ఆహుతి’ (1950)తో. పెదవుల కదలికకు మాట అమర్చే విద్యలో రాజశ్రీ సిద్ధహస్తుడు. ‘రోజా’ తెలుగు పాటలు ఆయనవే. ఆ తరవాత వెన్నెలకంటి ఆ బరువును దశాబ్దాలు మోశాడు. పెద్దల సినిమాకు ఇంత శ్రద్ధ చూపిన భాషలోకి ‘డోరేమాన్’, ‘షిన్‌చాన్’ వచ్చినప్పుడు ఆ శ్రద్ధ వెంట రాలేదు. పిల్లల కార్టూన్‌కు పాట రాయమని తెలుగు కవిని పిలవడం అవసరమని ఎవరికీ తట్టినట్టు లేదు. పెదవులు అడ్డురాని ఆ స్వేచ్ఛ నిమిషంన్నర అలా ఖాళీగా పోయింది. శ్రోతలు లేరనుకోవడానికీ వీల్లేదు. జపాను-భారత ఉమ్మడి నిర్మాణమైన యూగో సాకో రామాయణం 2025 జనవరిలో తెలుగు గొంతుతో సినిమాహాళ్ళకు తిరిగివచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులోనూ విడుదలైంది.

విదేశాల్లో పిల్లలకు తెలుగు నిలవడం లేదని బాధపడే పెద్దలు బడులు పెడుతున్నారు, శతకపద్యాలు వల్లె వేయిస్తున్నారు. అవీ కావలసినవే. కాని ఇంట్లో ఎవరి మాతృభాషా కాని ఫుస్‌హా ఒక తరం నాలుక మీద నిలిచిన తీరు చూస్తే, పిల్లలు పరుగెత్తుకొచ్చి టీవీ ముందు కూర్చునే క్షణంలో వినబడే పాటకు ఎంత బలముందో తెలుస్తుంది. పదేళ్ళ లోపు చెవిన పడని బాణీ ముప్పై ఏళ్ళ తరవాత ఎవరినీ ఏడిపించదు. రూసో చెప్పిన చిహ్నం ఊరికే పుట్టదు. ఎవరో ఒకరు దాన్ని సరైన వయసులో, సరైన భాషలో వినిపించి ఉండాలి. ఆ వినిపించేది మంచి పాటే కావాలని పట్టుబట్టడం డమాస్కస్ బృందం సాధించిన విజయం. ఇకమీద తెలుగులోకి ఏ జపాను ధారావాహిక వచ్చినా సమీక్షకులు బొమ్మల నాణ్యత, గొంతుల పొందిక చూడబోయే ముందు, టైటిల్ పాట ఎవరు రాశారని అడగాలి. పేరు వేయకపోతే ఎందుకు వేయలేదని అడగాలి.