మార్మను చలనచిత్రములు : ఇంటివారు, పొరుగువారు

ఒక చిన్న సమాజము తన కథను తాను చెప్పుకొనబూనినప్పుడు మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఈ కథ ఎవరికొఱకు? ఇంటివారికొఱకు చెప్పినచో పొరుగువారికి అర్థము కాదు; పొరుగువారికొఱకు చెప్పినచో ఇంటివారికి అది తమ కథగా తోచదు. ఈ చిక్కు మతసమాజములకును, భాషాసమాజములకును సమానమే. దీనిని పరిశీలించుటకు అమెరికాలోని మార్మనుల చలనచిత్రచరిత్ర చక్కని ఉదాహరణము. నూఱేండ్లకు మించిన ఆ చరిత్రలో ఈ ప్రశ్నకు పలువిధములైన సమాధానములు వచ్చినవి. వానిలో ఏది కావ్యత్వమునకు చేరువైనదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మార్మను శాఖను 1830లో న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ స్థాపించెను. యేసుక్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమని దాని పూర్తి నామము. బైబిలుతోపాటు మార్మను గ్రంథమును గూడ పవిత్రముగా నెంచుటచే ఆ శాఖవారికి మార్మనులను పేరు వచ్చినది. 2018లో సంఘాధ్యక్షుడు రసెల్ నెల్సన్ ఆ పేరును విడిచి పూర్తి నామమునే వాడవలసినదిగా కోరెను. చలనచిత్రచరిత్రలో రూఢమైయుండుటచే ఇచట పాతపేరే గ్రహింపబడినది. స్థాపకుడు 1844లో ఇల్లినాయి రాష్ట్రమున చెఱసాలలో నుండగా మూకచేత హతుడాయెను. 1847లో బ్రిఘం యంగ్ నాయకత్వమున అనుయాయులు ఎడారి దాటి సాల్ట్ లేక్ లోయను చేరిరి. నాటకమును పాపముగా చూచిన క్రైస్తవశాఖలు పెక్కు కలవు. వీరన్ననో 1862 నాటికే ఆ ఎడారి నగరమున గొప్ప నాటకశాలను నిర్మించుకొనిరి. కావున దృశ్యకళ వీరికి క్రొత్త కాదు.

అయినను తెరపై వీరి కథను మొదట చెప్పినవారిలో ప్రముఖులు పొరుగువారే. బహుభార్యాత్వమును సంఘము 1890లో మానినట్లు ప్రకటించినను, లోకమున ఆ అపవాదు నిలిచియే యుండెను. 1911లో డెన్మార్కు దేశమున ఆగస్ట్ బ్లోమ్ తీసిన ‘మార్మనుల బలి’ అను చిత్రమున మార్మను మతబోధకుడు యువతిని వంచించి యూటాకు గొనిపోవును. యూటా గవర్నరు విలియం స్ప్రై దాని ప్రదర్శనను అడ్డుటకు యత్నించెను. 1922లో ఆంగ్లదేశమున వెలువడిన ‘ట్రాప్డ్ బై ది మార్మన్స్’ గూడ ఇట్టిదే. ఈ నిందలకు ఇంటివారి సమాధానముగా 1913లో ‘మార్మను మతపు నూఱేండ్లు’ అను పెద్ద చిత్రము వచ్చెను. దానిలో నేడు మిగిలినది స్వల్పశకలము మాత్రమే. 1940లో హెన్రీ హాథవే దర్శకత్వమున హాలీవుడ్డు ‘బ్రిఘం యంగ్’ చిత్రమును నిర్మించి సాల్ట్ లేక్ నగరముననే తొలుత ప్రదర్శించెను. అందు డీన్ జాగర్ నాయకపాత్రను ధరించెను. నింద పోయి ప్రశంస వచ్చినది. కాని బహుభార్యాత్వప్రసక్తి మిక్కిలి తగ్గింపబడినది. దూషణమైనను భూషణమైనను, చూపు వెలుపలిదే.

సంఘము తానే చిత్రనిర్మాణమునకు పూనుకొన్న దశ తరువాతిది. 1953లో ప్రోవో నగరమునందలి బ్రిఘం యంగ్ విశ్వవిద్యాలయమున చలనచిత్రశాల యేర్పడినది. డిస్నీ సంస్థలో పనిచేసి వచ్చిన వెట్జెల్ విటాకర్ దానికి అధిపతియయ్యెను. 1964లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున మార్మను మందిరమునకు వచ్చిన సందర్శకులకై ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ హాపినెస్’ అను చిన్న చిత్రము చూపబడినది. మానవుడు ఎక్కడినుండి వచ్చెను, మరణానంతరము ఎక్కడికి పోవును అనునదియే దాని విషయము. ఇట్టి చిత్రములందు శ్రద్ధ కలదు, శుచిత్వము కలదు. కాని ఆలంకారికులు స్వశబ్దవాచ్యతయని చెప్పిన దోషమును కలదు. శోకమును కలిగింపవలసిన చోట శోకమను మాటను పలికినంతమాత్రమున కరుణరసము పుట్టదు. అట్లే భక్తి కలుగవలసిన చోట భక్తిని వ్యాఖ్యానించినంతమాత్రమున భక్తి కలుగదు. ఉపదేశము ప్రభుసమ్మితమనియు, మిత్రసమ్మితమనియు, కాంతాసమ్మితమనియు మూడు విధములు గదా. ఈ చిత్రములు మొదటి రెండింటితోనే తృప్తి చెందినవి.

ఆ శాలయందే 1969లో వెలువడిన ‘జానీ లింగో’ వృత్తాంతము విచిత్రమైనది. పసిఫిక్ ద్వీపమున ఒక వర్తకుడు, ఎల్లరును కురూపియని హేళన చేయు మహానా యను కన్యకు ఎనిమిది ఆవులను కన్యామూల్యముగా ఇచ్చి పెండ్లియాడును. తెలుగునాట కొన్ని కులములలో ఓలి యనబడినది ఇట్టిదే. ఆ గౌరవముచే ఆమె స్వరూపమే మాఱిపోవును. కథ మార్మను రచయిత్రిది కాదు. చిత్రమున మతప్రసక్తియే లేదు. అయినను మార్మనుల పిల్లలు తరములుగా దీనిని చూచి, దీని మాటలను సామెతలవలె వాడుకొనిరి. స్త్రీ విలువ పురుషుడిచ్చు ఆవులచే ఏర్పడుటయా యను ఆక్షేపమును పిదప వినబడినది. మతచిహ్నము లేనంతమాత్రమున చిత్రము లోకమంతటిది కాదనియు, పలుమాఱు కలిసి చూచుటచే పరకథయైనను ఇంటికథయగుననియు ఇది తెలుపుచున్నది.

2000లో రిచర్డ్ డచర్ ‘గాడ్స్ ఆర్మీ’ చిత్రముతో క్రొత్త త్రోవ తీసెను. ఇది సంఘము ధనముతో తీసినది కాదు. సామాన్య చిత్రశాలలలో టికెట్టు కొని చూడవలసిన చిత్రము. లాస్ ఏంజెలిస్ వీధులలో మతప్రచారము చేయు యువకుల జీవితము ఇందలి వస్తువు. క్రొత్తగా వచ్చిన ఎల్డర్ ఆలెన్ సంశయగ్రస్తుడు. అతనికి తోడైన పెద్దవాడు మెదడులో కంతి పెరుగుచున్నను పనిని విడువనివాడు. ఆ పాత్రను డచరే ధరించెను. మఱియొక యువకుడు విశ్వాసము కోల్పోయి మధ్యలోనే వెడలిపోవును. అతనిని దర్శకుడు దుష్టునిగా చూపలేదు. ఇంతకుముందటి చిత్రములకును దీనికిని గల భేదము అందే కలదు. సుమారు 3 లక్షల డాలర్లతో తీసిన ఈ చిత్రము 26 లక్షలకు పైగా ఆర్జించెను. తలుపు తట్టి వచ్చు తెల్లచొక్కా యువకులను వెలుపలినుండియే చూచినవారు, ఆ తలుపునకు ఆవలిప్రక్క నిలిచి చూచు అవకాశమును పొందిరి.

ఈ విజయము వెనుక పలువురు వచ్చిరి. 2002లో కర్ట్ హేల్ తీసిన ‘ది సింగిల్స్ వార్డ్’, 2003లో ‘ది ఆర్.ఎమ్.’ మున్నగు హాస్యచిత్రములు యూటాలో ఆదరము పొందినవి. సంఘసభల వాడుకలు, పెండ్లికాని యువతీయువకుల కూటములు, ప్రచారయాత్రనుండి మరలివచ్చినవాని తికమకలు వీని సామగ్రి. తన్ను చూచి తాను నవ్వగలుగుట సమాజమునకు ఆరోగ్యలక్షణమే. ఏండ్లతరబడి పరుల పరిహాసమునకు గుఱియైనవారికి తమ నవ్వు తమకు దక్కుట చిన్న విషయము కాదు. కాని నవ్వుటకు ముందుగానే సర్వము తెలిసియుండవలెనన్నచో ఆ హాస్యము గుర్తింపు మాత్రమేగాని రసము కాదు. గుర్తింపువలని ఆనందము మొదటిసారి మెండు, రెండవసారి తఱుగును. కొన్ని యేండ్లలోనే ఈ చిత్రముల విపణి సన్నగిల్లుటకు ఇదియు ఒక కారణమని యూహింపవచ్చును.

వేఱొక త్రోవ మఱుగుపఱచుట. 2003లో రయన్ లిటిల్ తీసిన ‘సెయింట్స్ అండ్ సోల్జర్స్’ రెండవ ప్రపంచయుద్ధకథ. మాల్మెడీకడ జర్మనులు అమెరికను బందీలను కాల్చిచంపినప్పుడు తప్పించుకొన్న కొందఱు సైనికుల ప్రయాణము ఇందు కలదు. వారిలో ‘డీకన్’ అను మాఱుపేరు గలవాడు పొగ త్రాగడు, కాఫీ ముట్టడు, యుద్ధమునకు పూర్వము జర్మనీలో నుండి జర్మనుభాష నేర్చెను. మార్మను అను మాట యెచ్చటను వినబడదు. పొరుగువారికి అతడు భక్తుడైన సైనికుడు. ఇంటివారికి జర్మనీలో మతప్రచారము చేసివచ్చిన తమ బిడ్డ. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథగను భారతకథగను నడచినట్లు, ఇచట ఒకే దృశ్యము ఇరువురు ప్రేక్షకులకు ఇరుదెఱగుల నడచుచున్నది. ఇది నేర్పే. అయితే ద్వ్యర్థికావ్యమున రెండర్థములును ఎల్లరకు అందును. ఇచట రెండవ యర్థము ఇంటివారికే దాచియుంచిన సొత్తు.

మఱుగుపఱచుటలో పరాకాష్ఠ 2004లో జేరెడ్ హెస్ తీసిన ‘నెపోలియన్ డైనమైట్’. ఐడహో రాష్ట్రమున మార్మనులు మిక్కుటముగా నివసించు ప్రెస్టన్ పట్టణమున ఒక వింతబాలుని పాఠశాలాజీవితము ఇందలి కథ. దర్శకుడును ముఖ్యనటుడును బ్రిఘం యంగ్ విశ్వవిద్యాలయమున చదివినవారే. సుమారు 4 లక్షల డాలర్ల చిత్రము 4 కోట్ల 60 లక్షల వఱకు ఆర్జించెను. బూతులేని మాట, నిర్మలమైన హాస్యము ఆ సమాజపు పెంపకమున వచ్చినవని కొందఱందురు. కావచ్చును. కాని మతము ఇందు గాలివలె నున్నదేకాని వస్తువుగా లేదు. విపణి ఒక్కటే కొలమానమైనచో వాదము ఇచటనే ముగియవలెను: పేరు దాచినవాడు గెలిచెను. ఈ వాదమునకు ప్రత్యుత్తరము లెక్కలలో లభింపదు. ఒక చిత్రపు ముగింపు దృశ్యమున లభించును.

ఆ చిత్రము డచర్ 2001లో తీసిన ‘బ్రిఘం సిటీ’. యూటాలోని చిన్న పట్టణమున వెస్ క్లేటన్ రక్షకాధికారి. అతడే అచటి సంఘమునకు బిషప్పు. మార్మను సంఘములలో వేతనముగొను పురోహితులుండరు. గృహస్థులే ఆ పదవిని వహింతురు. పట్టణమున హత్యలు జరుగును. దర్శకుడు వానిని తెరపై విస్తరించి చూపలేదు. వధను రంగమున ప్రత్యక్షముగా చూపరాదని దశరూపకాదులు విధించిన నియమము ఇచట తెలియకయే పాటింపబడినది. మతము విధించిన హద్దు కళకు ఉపకారమైనది. తుదకు హంతకుడు అతడు నమ్మిన యువసహాయకుడేయని తేలును. వానిని అతడే కాల్చి చంపవలసివచ్చును.

పిదపటి ఆదివారము సంఘసభ. మార్మనులు ప్రభుసంస్కారమున రొట్టెముక్కలను, ద్రాక్షారసమునకు బదులుగా నీటిని గ్రహింతురు. బాలురు పళ్లెరములను పట్టుకొని వరుసలవెంట నడచుదురు. తాను అర్హుడు కాడని తలచినవాడు ముట్టక ప్రక్కకు అందించును. బిషప్పుకు మొదట పళ్లెరము వచ్చును. అతడు ముట్టడు. పళ్లెరము సభలోనికి పోవును. అచట ఒక్కొక్కరును దానిని ముట్టక ప్రక్కవారికి అందింతురు. బిడ్డలను పోగొట్టుకొన్న సంఘము, తమ్ము కాపాడలేకపోయినవాడు తినని రొట్టెను తాము తినకున్నది. తుదకు పళ్లెరము మరల అతని ముందునకు వచ్చును. అతడు ఏడ్చుచు గ్రహించును. అంతట సభయు గ్రహించును.

ఈ దృశ్యమున వ్యాఖ్యానము లేదు. క్షమ యను మాట లేదు. ఉన్నది ఒక పళ్లెరము, చేతులు, మౌనము. విభావానుభావములు ఇంతటి పుష్టిగా నున్నప్పుడు రసము తనంత తానే ధ్వనించును. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము ఆ చిత్రములలో లేదు. సాధారణీకరణమనగా విశేషములను తుడిచివేయుట కాదు. శకుంతల కణ్వాశ్రమకన్యగా నుండియే సర్వలోకపు వియోగినియైనది. ఆశ్రమమును తీసివేసినచో వియోగమును పోవును. అట్లే ఈ సంస్కారము మార్మనులదిగా నుండియే, తప్పు చేసితినని కుములు ప్రతివానిదియు నైనది. ఆ ఆచారమును ఎన్నడును ఎఱుగనివాడు గూడ, తినని రొట్టెయొక్క భారమును ఎఱుగును. లోతుగా చూపబడిన ఇల్లు పొరుగువానికి గూడ నిలువనీడ నిచ్చును.

అయినను ఈ చిత్రముయొక్క ఆర్జన 10 లక్షల డాలర్లకు చేరలేదు. 2005లో డచర్ తీసిన ‘స్టేట్స్ ఆఫ్ గ్రేస్’ అంతకంటె సాహసముతో పతనమును క్షమను చూపెను. ఆదరము ఇంకను తక్కువ. ప్రచారకుడు నియమము తప్పుట తెరపై చూచుటకు ఇంటివారు పెక్కురు ఇష్టపడలేదు. మతచిత్రమను పేరు విని పొరుగువారు రాలేదు. 2007లో డచర్ ప్రోవో పత్రికలో వ్యాసము వ్రాసి తాను ఆ మతమును వీడినట్లు తెలిపెను. అల్పహాస్యములు మాని సత్యమైన చిత్రములు తీయుడని తోడివారిని హెచ్చరించెను. ఆ సమాజపు జీవితమును అందఱికంటె ప్రేమతో చిత్రించినవాడు వెలుపలివాడయ్యెను. ఆ నిష్క్రమణమునకు చిత్రశాలల లెక్కలే కారణమనుట తగదు. విశ్వాసము ఒకని అంతరంగవిషయము. కాని సత్యమును చెప్పువానికి ఇంట చోటు కల్పింపని సమాజము తన కథను మరల పొరుగువారి నోటనే వినవలసివచ్చును. 1911లో జరిగినది అదియే.

2012లో ఈ సంఘమునకు భారతదేశమునందలి తొలి ‘స్టేక్’, అనగా పెక్కు స్థానికసంఘముల కూటమి, హైదరాబాదున ఏర్పడినది. కనుక ఈ చిత్రములను ఇంటివారుగా చూచు తెలుగువారును కలరు. తక్కిన తెలుగువారికి గూడ ఈ చరిత్ర పరాయిది కాదు. తమిళనాట, కన్నడదేశమున, ఒడిశాలో, మహారాష్ట్రమున, యానాములో తరములుగా నిలిచినవారు తమ నుడికారమును, పెండ్లివాడుకలను, ఇంటి తగవులను కథలుగా వ్రాయునప్పుడు ఎదురగు ప్రశ్నయు ఇదియే. పొరుగువారి మెప్పునకై ఆనవాళ్లను తుడుచుకొనుట యొక త్రోవ; ఇంటివారి నవ్వునకై లోపల తలుపు మూసికొనుట మఱియొక త్రోవ. ఇంటిని ఉన్నదున్నట్లు, లోపముతో సహా, ప్రేమతో చూపుట మూడవది. దానికి లాభము తక్కువ, అపాయ మెక్కువ. కాని పళ్లెరము తిరిగివచ్చునది ఆ త్రోవనే.