ఆరవ స్థానము

అమెరికా దేశమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మహిళల టెన్నిసు జట్టునకు ఇంచుమించు రెండు దశాబ్దములు శిక్షకుడుగా నుండి, 1982 మొదలు 1999 వరకు పదిమార్లు ఆ జట్టును జాతీయ విజేతగా నిలిపిన ఫ్రాంక్ బ్రెన్నన్ వృత్తాంతము మొదట చదివినపుడు, మన ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు ఎంతమాత్రము సంబంధింపని సంపన్న దేశపు ముచ్చటగానే నాకు తోచినది. టెన్నిసు కోర్టు మాట యటుండనిచ్చి, పల్లేరుకాయలు ఏరిన పిదపగాని ఆడపిల్లలు చెప్పులు విడిచి నిలువజాలని మైదానములలో, పచ్చని ఉన్నిబంతితో బాల్ బ్యాడ్మింటనును, కబడ్డీని, ఖోఖోను నేర్పుచు ఉద్యోగజీవితమంతయు గడపిన నావంటి ఫిజికల్ డైరెక్టరునకు ఆ ప్రాంగణములతో పని యేమి? ఐనను అక్కడి కళాశాలల పోటీల నిబంధనలను శ్రద్ధతో పరిశీలించినకొలది, ఆడపిల్లల జట్టును కూర్చుటలో నేను ఏ చిక్కునెదుట ఏటేట నిలిచితినో, ఆ చిక్కునకు అక్కడివారు ఆట లెక్కలలోనే ఒక సమాధానము నిలిపియున్నారని గ్రహించితిని.

టెన్నిసు ఒంటరి ఆట. సానియా మీర్జా 2005లో హైదరాబాదున గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ పోటీలో విజేతయైన తొలి భారతీయ మహిళగా పేరొందినపుడు, వలకు ఆవల ప్రత్యర్థి యొకతె, ఈవల తానొకతె. చిన్ననాటినుండి ఆట నేర్పిన తండ్రి ఇమ్రాన్ మీర్జాయైనను, ఆట నడచుచుండగా పెదవి మెదపుటకు నాటి నిబంధనలు సమ్మతింపవు. అట్టి ఆటను అమెరికా కళాశాలలు జట్టాటగా మలచుకొన్న తీరు ప్రశంసనీయము. ఒక కళాశాల మరొకదానితో తలపడునపుడు ముందు మూడు డబుల్స్ ఆటలు జరుగును. వానిలో రెండు గెలిచిన జట్టునకు మొత్తముమీద ఒక్క పాయింటు. పిమ్మట ఆరుగురు ఆరు కోర్టులలో ఏకకాలమున సింగిల్స్ ఆడుదురు. ఒక్కొక్క గెలుపునకు ఒక్కొక్క పాయింటు. వెరసి ఏడు; నాలుగు దక్కినవారిది విజయము. మొదటి కోర్టున అగ్రగణ్యురాలు గెలిచినను ఒక్కటే పాయింటు, ఆరవ కోర్టున చిట్టచివరి బాలిక గెలిచినను ఒక్కటే పాయింటు. అంతేకాదు, జాతీయ పోటీలలో నాలుగవ పాయింటు ఎవరి రాకెట్టునుండి రాలునో, ఆ క్షణముననే తక్కిన కోర్టులలోని ఆటలన్నియు ఆగిపోవును. అందరి కన్నులును ఎవరిమీద నుండెనో ఆ మొదటి క్రీడాకారిణి ఆట గెలుపోటములు తేలక అసంపూర్తిగా మిగిలిపోవుటయు, పేరైనను పదిమందికి తెలియని ఆరవ బాలికవలన జట్టు విజేత యగుటయు అక్కడ వింత కాదు.

ఇంతకును ఆరు ఆటలు ఒక్కమారు నడచుచుండగా శిక్షకుడు ఏ కోర్టు ప్రక్కన నిలువవలెను? సహాయకుడు ఒకడున్నను చూడవలసిన కోర్టులు ఆరు. ఈ వృత్తిలోని కఠినమైన విద్య ఇదియే యని నా నమ్మకము. గెలుచుచున్న బిడ్డ ప్రక్కన నిలుచుట శిక్షకునకు సుఖము, బిడ్డకు దానితో పనిలేదు. ఓటమి యంచున నున్న బిడ్డకడకు నడచి పోయినచో, సార్ వచ్చినారను ధైర్యము కలుగునో, ఓడుచున్నాను గనుకనే వచ్చినారను బెదురు కలుగునో, ఆ బిడ్డ స్వభావమును నెలలతరబడి, ఏండ్లతరబడి కనిపెట్టి చూచినవానికిగాని తెలియదు. సర్వీసు ఎట్లు చేయవలెనో పుస్తకము చూచియైనను నేర్పవచ్చును; ఎవరి ప్రక్కన ఎప్పుడు నిలువవలెనో, ఎవరికి ఎంతదూరమున నుండవలెనో ఏ పుస్తకమును చెప్పజాలదు.

మన బాల్ బ్యాడ్మింటనున బరిలో నిలుచువారు ఐదుగురు. ఆరవ బాలికది బెంచీమీది స్థానము. మన ప్రాంతపు కళాశాలలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నున్న కాలమున తిరుపతి దిక్కునకును, 2008లో విక్రమసింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడిన పిమ్మట నెల్లూరు దిక్కునకును చూచుచు అంతర కళాశాలల పోటీలకు సిద్ధమగునపుడు, నాకు ఎక్కువ శ్రమ కలిగించినది ఆ ఐదుగురి ఆట కాదు. దుత్తలూరు, మర్రిపాడు, సీతారామపురము వైపు పల్లెలనుండి బస్సులలో వచ్చి చదువుకొను పిల్లలు వారు. ప్రొద్దు వాలకముందే ఆట ముగించి ఆఖరి బస్సు నందుకొనవలసినవారు. ఐదుగురిలో నున్న పిల్ల తండ్రిని ఒప్పించుటకు ఏదో యొక మాట దొరకెడిది. ఆరవ పిల్ల తండ్రి వాకిట నిలిచి, "మా పిల్ల ఆడేది లేదంట గదా సార్, ఊరికే కూర్చోపెట్టేదానికి అంతదూరం ఎందుకు?" అని అడిగినపుడు, ఆ ప్రశ్నలోని న్యాయమును కాదనుటకు నాకు నోరు వచ్చెడిది కాదు. అందుచేత నేను ఆయనకు లెక్క చెప్పెడివాడను: అయ్యా, మీ అమ్మాయి రాకున్న ఆ ఐదుగురికి ఎదురాడువారు ఎవ్వరు? దినదినము బంతి త్రిప్పికొట్టి వారిని నిద్రపోనీయకుండ నుంచునది మీ అమ్మాయియే గదా? డిగ్రీ చదువు మూడేండ్లు. నేడు మేటియైన పిల్ల మరునాటి వేసవికి కళాశాల విడిచిపోవును. అప్పుడు ఆ స్థానమున నిలువవలసినది ఎవ్వరు?

కొందరు ఒప్పుకొనిరి; కొందరు ఆ మాఘమాసముననే పెండ్లి కుదిర్చిరి.

కళాశాల జట్టునకు శిక్షకుడైనవానికిని, ఒక్క క్రీడాకారిణిని చిన్ననాటినుండి పెంచి పెద్దచేయు గురువునకును గల భేదము ఇక్కడనే తెలియును. రెండవవాడు ఒక్కరితో పది పదునైదేండ్లు నడచును. మొదటివానికి ఏటేట చేతిలోని ఉత్తమ క్రీడాకారిణులు జారిపోవుచుందురు, అక్కడ నాలుగేండ్లకు, ఇక్కడ మూడేండ్లకు. కనుక ఒక కళాశాల జట్టు ఒక్క యేడు గెలిచినచో అదృష్టమనవచ్చునేమోగాని, దశాబ్దముల పర్యంతము గెలుచుచున్నదనిన, అచట ఎవరో యొకరు ఈ యేటి ఆరవ బాలికను రెండేండ్ల కావలి రెండవ బాలికగా చూచుచు ఓపికతో నేర్పుచున్నారనియే అర్థము.

ఇక ఆడపిల్లలకు నేర్పుటలో మరియొక విషయము గలదు. తరగతిలో హాజరు పలుకుటకే గొంతు పెగలని బాలిక కబడ్డీ బరిలో గీత దాటి కూతకు పోవలసివచ్చినపుడు పడు యాతనను నేను ఎన్నో మార్లు చూచితిని. కాళ్లలో వడి యుండును, చేతిలో పట్టుండును, కంఠము మాత్రము పైకి రాదు. అంపైరునకు కూత వినబడక ఔటిచ్చును. చిన్ననాటినుండి మెల్లగా మాటాడుమని నేర్పబడిన కంఠమది. నాగండ్లలో పుట్టి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతయై, 2008లో హైదరాబాదున అకాడెమీని నెలకొల్పిన పుల్లెల గోపీచంద్, పి.వి.సింధును కోర్టు నడుమ నిలిపి, తక్కిన క్రీడాకారులును శిక్షకులును చూచుచుండగా గట్టిగా అరువుమనియు, అరచినగాని రాకెట్టు ముట్టరాదనియు కట్టడి చేసినాడని తెలిసినపుడు నాకు అపరిమితమైన ఆనందము కలిగినది. రియో ఒలింపిక్స్ ముందు మూడునెలలు ఆమె సెల్‌ఫోను తీసి దాచినాడన్న సంగతినే పత్రికలు మిక్కిలి పొగడినవి. నా దృష్టిలో ఆ అరపు నేర్పుటయే ఘనమైన పని. 2016లో రియో తుదిపోరున కరోలినా మారిన్‌పై తొలి ఆటను 21-19తో గెలుచుకొని, తరువాతి రెండును 12-21, 15-21తో కోల్పోయి రజతముతో తిరిగివచ్చిన సింధు కంఠస్వరమును ఆ రాత్రి మన పల్లెలలోని ఆడపిల్లలు టీవీలో విన్నారు. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న చేతిక్రింద బరువులెత్తుట నేర్చి, 2000లో సిడ్నీలో 240 కిలోల మొత్తముతో కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము తెచ్చిన తొలి భారతీయ మహిళ యైన కరణం మల్లేశ్వరిని చూచినప్పుడును నాకు అప్పన్న వంటి పల్లెటూరి గురువులే మనస్సున మెదలుదురు.

టెన్నిసున ప్రక్కలు మారునపుడు దొరకు విరామము 90 సెకన్లు. వృత్తిపోటీలలో చిరకాలము సాగిన నిషేధము క్రమముగా సడలి, 2025 నుండి కోర్టు వెలుపలినుండి సలహా చెప్పుట నియమావళిలోనే చేరినది. కళాశాలల ఆటలో మాత్రము శిక్షకుడు ప్రక్కనే నుండి మాటాడు ఆచారము గలదు. ఆ 90 సెకన్లలో మణికట్టు ఎట్లు త్రిప్పవలెనో, మోకాలు ఎంత వంచవలెనో ఏకరువుపెట్టు శిక్షకులను నేను మన మైదానములలోను చూచితిని. ఆ వేళకు బిడ్డ చెవిలో తన గుండె చప్పుడు తప్ప వేరొకటి వినబడదు. ముందు నీరు త్రాగనిచ్చి, తరువాతి బంతి ఏ మూలకు వేయవలెనో ఆ యొక్క మాట చెప్పి ఊరకుండుట మేలు.

అమెరికాలో 1972 నాటి శాసనము విద్యాలయములలో స్త్రీలపట్ల వివక్షను నిషేధించిన పిమ్మటనే వారి ఆటలకును నిధులు రాసాగెను. ఆ దశాబ్దముననే స్టాన్‌ఫర్డ్ తరపున ఆడిన లెలె ఫరూద్, పిదప బ్రెన్నన్‌కు సహాయకురాలై, ఆయన విరమించిన తరువాత జట్టు బాధ్యత వహించి, 2001 మొదలు 2019 వరకు తానును పదిమార్లు జాతీయ విజేతగా దానిని నిలిపినది. 2016లో ఆమె జట్టునకు దక్కినది 15వ సీడు మాత్రమే. తుదిపోరున 4-3తో గెలిచిరి. అట్టి తుదిపోరున ఏ కోర్టులోని పాయింటు జారినను విజయము లేదు. మన హైదరాబాదు క్రీడాకారిణి యమలపల్లి సహజ టెక్సాసులోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయమున చదువుచు ఈ కళాశాలల టెన్నిసునే ఆడినదని తెలిసినవారు మన జిల్లాలో ఎందరుందురో!

క్రీడాకారిణియే శిక్షకురాలగుట మన సీమలో నేటికిని అరుదు. నావద్ద ఆడిన పిల్లలలో ఒక్కతె మాత్రము ఇపుడు నెల్లూరున ఒక కళాశాలకు ఫిజికల్ డైరెక్టరుగా నున్నది. మొన్న ఫోను చేసి, బాల్ బ్యాడ్మింటను జట్టులో ఐదుగురు కుదిరిరనియు, ఆరవ స్థానమున ఇద్దరిలో ఎవరిని తీసికొనవలెనో తేలకున్నదనియు చెప్పినది. ఒకతె దినము తప్పక వచ్చును, ఎడమప్రక్క బంతి అందదు. మరియొకతె చేయి చక్కనిది, వారమున మూడుదినములే వచ్చును. ఉదయగిరి దాపున ఆ పిల్ల ఊరికి సాయంకాలపు బస్సు నిలిపివేసిరట. దినము వచ్చు పిల్లనే తీసికొనుమని నేనంటిని. "బస్సు లేకపోవడం ఆ పిల్ల తప్పు కాదు గదా సార్. ఈసారి వదిలేస్తే మళ్లీ రాదు" అని ఆమె అన్నది. గంటసేపు మాటాడుకొంటిమి. ఆ పిల్లకు కళాశాల హాస్టలులో చోటు దొరకునేమో విచారించుచున్నది. పోటీలు వచ్చునెలలో.